జార్ ఫైల్ కళ్ళ ముందే ఉన్నా మావెన్ 'లేదు' అంటుందేం? నెట్ లేని చోట జావా బిల్డ్ సంగతులు

నెట్ లేని మెషీన్ మీద జావా ప్రాజెక్ట్ బిల్డ్ చేయబోయిన చాలామందికి ఈ అనుభవం ఎదురై ఉంటుంది. పొద్దున లాప్‌టాప్‌లో చక్కగా బిల్డ్ అయిన ప్రాజెక్ట్‌ని, లైబ్రరీలున్న ఫోల్డర్‌తో సహా పెన్‌డ్రైవ్‌లో వేసుకుని సర్వర్ దగ్గరికి వెళ్తారు. అంతా కాపీ చేసి, ఆఫ్‌లైన్ అని చెప్పి మరీ మావెన్‌ని (లైబ్రరీలు తెచ్చి జావా బిల్డ్ నడిపే పనిముట్టు) నడుపుతారు. స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలు పడతాయి. వాటి సారాంశం: 'నేను ఆఫ్‌లైన్‌లో ఉన్నాను, సెంట్రల్‌ని అందుకోలేను, ఈ ఫైల్‌ని అక్కడి నుంచి ఇంతకుముందెప్పుడూ దించుకోలేదు.' (సెంట్రల్ అంటే మావెన్ లైబ్రరీలు దించుకునే నెట్ గోదాము.) ఫోల్డర్ తెరిచి చూస్తే ఆ జార్ ఫైల్, అంటే లైబ్రరీ మూట, అక్కడే ఉంటుంది. పేరూ సైజూ రెండూ సరిగ్గానే ఉంటాయి. డెడ్‌లైన్ టెన్షన్‌లో ఉన్నవాడికి ఇంతకన్నా ఒళ్ళు మండే విషయం ఉండదు.

ఇది మావెన్ మొండితనం అనుకుంటే సగమే నిజం. ఒక బిల్డ్‌కి ఏమేం కావాలో పూర్తిగా రాసిపెట్టిన కాగితం ఎక్కడా ఉండదు, అసలు చిక్కు అక్కడుంది. ప్రాజెక్ట్ ఫైల్‌లో కొంత రాసి ఉంటుంది. మిగతాది బిల్డ్ నడుస్తుండగానే బయటపడుతుంది. నెట్ ఉన్నన్నాళ్ళు అడిగిందల్లా అడిగిన క్షణాన వచ్చి పడుతుంది కాబట్టి ఆ లోటు మనకి కనపడదు.

'నెట్ లేదు' అనే మాటకి నాలుగు అర్థాలు

ఈ విషయం మీద సలహాలు ఒకదానితో ఒకటి కలవకపోవడానికి ముఖ్య కారణం, ఒక్కొక్కరూ ఒక్కో పరిస్థితిని మనసులో పెట్టుకుని మాట్లాడటం.

మొదటిది ప్రయాణం. సికింద్రాబాద్‌లో రైలెక్కి విశాఖ వెళ్తున్నారు, మధ్యలో సిగ్నల్ పోయింది. నిన్న రాత్రి ఇదే లాప్‌టాప్‌లో, ఇదే ప్రాజెక్ట్ బిల్డ్ అయింది. కొత్త లైబ్రరీ ఏదీ చేర్చకపోతే పెద్దగా ఇబ్బంది ఉండదు.

రెండోది ఆఫీసు ఫైర్‌వాల్. బయటి సైట్లు మూసేసి ఉంటాయి, లోపల మాత్రం లైబ్రరీలు ఇచ్చే సర్వర్ ఒకటి ఉంటుంది. మావెన్ దృష్టిలో ఇది ఆఫ్‌లైన్ కానే కాదు, దుకాణం మారిందంతే. ఇక్కడ ఆఫ్‌లైన్ ఫ్లాగ్ పెడితే ఆ లోపలి సర్వర్‌కి వెళ్ళే దారి కూడా మూసుకుపోతుంది.

మూడోది ఎయిర్ గ్యాప్. బయటి ప్రపంచంతో తీగా, వైఫై ఏదీ లేని నెట్‌వర్క్. రక్షణ రంగంలో, కొన్ని పరిశ్రమల కంట్రోల్ రూముల్లో, కొన్ని ఆర్థిక సంస్థల్లో ఇలా ఉంటుంది. లోపలికి ఏ ఫైల్ పోవాలన్నా ఎవరో ఒకరు రిజిస్టర్‌లో రాసి, స్కాన్ చేయించి మోసుకెళ్ళాలి.

నాలుగోది కావాలని తీసేసిన నెట్. డెబియన్, ఫెడోరా లాంటి లినక్స్ పంపిణీలు తమ ప్యాకేజీలను నెట్ లేకుండానే బిల్డ్ చేస్తాయి. అక్కడ ఇంటర్నెట్ లేక కాదు, బిల్డ్ దాన్ని తాకకూడదని నియమం.

మొదటి పరిస్థితికి పనికొచ్చే చిట్కా మూడోదానికి పనికిరాదు. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం మూడో రకం గురించే. మిగతా వాటి ఇబ్బందులన్నీ అందులో ఉంటాయి, దాని సొంతవి మరికొన్ని తోడవుతాయి.

ఒకప్పుడు అన్ని బిల్డులూ ఆఫ్‌లైనే

బిల్డ్ అంటే మనం రాసిన జావా కోడ్‌ని కంపైల్ చేసి, టెస్టులు నడిపి, జార్ అనే మూటగా కట్టడం. 2000లో వచ్చిన యాంట్ అనే బిల్డ్ పనిముట్టు కాలంలో ప్రాజెక్ట్‌లో 'లిబ్' అనే ఫోల్డర్ ఉండేది. కావలసిన జార్‌లన్నీ వెతికి తెచ్చి అందులో పడేసేవారు. దానికి నెట్ అక్కర్లేదు. ఇబ్బందల్లా, ఆ ఫోల్డర్‌లో ఉన్న జార్ ఏ వెర్షనో, అసలెందుకుందో ఏడాది తిరిగాక ఎవరికీ గుర్తుండకపోవడం.

మావెన్ (1.0 వచ్చింది 2004లో, ఇప్పటి రూపానికి పునాది వేసిన 2.0 వచ్చింది 2005లో) దీన్ని తిరగేసింది. జార్‌లు ప్రాజెక్ట్‌లో ఉంచక్కర్లేదు, పామ్ అనే ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌లో పేరూ వెర్షనూ రాస్తే చాలు. మావెన్ సెంట్రల్ అనే పెద్ద గోదాము నుంచి అవి దిగి, మన హోమ్ డైరెక్టరీలో 'డాట్ ఎం2' అనే ఫోల్డర్‌లో చేరతాయి. దీన్నే లోకల్ రిపో అంటారు. మళ్ళీ అవసరమైతే ముందు అక్కడ చూసుకుంటుంది. సెంట్రల్‌లో ఒకసారి పెట్టిన వెర్షన్‌ని తర్వాత మార్చరు, తీసేయరు. అందుకే లోకల్ కాపీని నమ్మొచ్చు.

పామ్ ఫైల్‌ని పెళ్ళి వంటల మాస్టారు ఇచ్చే సరుకుల చిట్టా అనుకోండి. ఊళ్ళో కిరాణా కొట్టు పక్కనే ఉంటే చిట్టాలో నాలుగు మర్చిపోయినా ఏమీ కాదు, ఓ కుర్రాణ్ణి సైకిల్ మీద పంపిస్తారు. పెళ్ళి కొండ మీది గుళ్ళో అయితేనే ఆ చిట్టా ఎంత అరకొరగా ఉందో తెలుస్తుంది.

చిట్టాలో రాయని సరుకులు

ఒక చిన్న ప్రాజెక్ట్ తీసుకుందాం. పామ్ ఫైల్‌లో రెండే లైబ్రరీలు రాశాం: కామన్స్ లాంగ్3, వెర్షన్ 3.12.0, టెస్టుల కోసం జేయూనిట్ జూపిటర్. చూడటానికి రెండు జార్‌లు. ఖాళీ లోకల్ రిపోతో దీన్ని బిల్డ్ చేస్తే మాత్రం 'డౌన్‌లోడింగ్' అనే లైన్లు స్క్రీన్ మీద వందకు పైగా పరుగెడతాయి. అవన్నీ ఎక్కడివి?

జేయూనిట్ జూపిటర్‌కి తన సొంత చిట్టా ఉంటుంది: ఏపీఐ, పారామ్స్, ఇంజిన్ అనే మూడు ముక్కలు. ఇంజిన్‌కి ప్లాట్‌ఫామ్ లైబ్రరీలు కావాలి, వాటికి ఓపెన్‌టెస్ట్4జే కావాలి. సాంబారు పొడి అని రాస్తే ధనియాలు, మెంతులు, ఎండుమిర్చి వెంట వచ్చినట్టు. ఇది అందరికీ తెలిసిందే. తెలిసీ మర్చిపోయేది పేరెంట్ పామ్ సంగతి. కామన్స్ లాంగ్3ని వాడటానికి మరే జార్ అక్కర్లేదు. కానీ దాని పామ్ ఫైల్ 'నా మిగతా వివరాలు కామన్స్-పేరెంట్‌లో చూడండి' అంటుంది, అది 'అపాచీ అనే పామ్‌లో చూడండి' అంటుంది. జార్‌ని ఒక్కదాన్నే చేత్తో మోసుకెళ్ళినవాళ్ళు ఇక్కడే బోల్తా పడతారు. జార్ ఉంది, దాని తాతగారి చిరునామా లేదు.

ఇవన్నీ సరుకులు. గుండిగలు, గరిటెలు వేరే. మావెన్ తనంతట తాను దాదాపు ఏ పనీ చేయదు. కంపైల్ చేయడానికి కంపైలర్ ప్లగిన్, టెస్టులకి ష్యూర్‌ఫైర్ ప్లగిన్, మూట కట్టడానికి జార్ ప్లగిన్. ఇవి కూడా సెంట్రల్ నుంచే దిగుతాయి, వాటి డిపెండెన్సీలతో (వాటికి కావలసిన లైబ్రరీలతో) సహా. పైన చెప్పిన వంద లైన్లలో అధిక భాగం వీటిదే.

ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. పామ్ ఫైల్‌లో ప్లగిన్ వెర్షన్ రాయకపోతే ఏది దిగుతుంది? అది మావెన్ ప్రోగ్రామ్‌లోనే రాసి ఉంటుంది. మావెన్ 3.8 అయితే కంపైలర్ ప్లగిన్ 3.1ని అడుగుతుంది. 3.9.0 అయితే 3.10.1ని అడుగుతుంది. లాప్‌టాప్‌లో 3.8తో అన్నీ దించుకుని, 3.9 ఉన్న సర్వర్‌కి తీసుకెళ్తే ప్రాజెక్ట్‌లో ఒక్క అక్షరం మారకపోయినా బిల్డ్ ఆగిపోతుంది. మాస్టారు మారితే గరిటెలు మారాయన్నమాట. ప్లగిన్ వెర్షన్లన్నీ పామ్‌లో రాసిపెట్టుకునే అలవాటు ఉన్నవాళ్ళకి ఈ బాధ లేదు. స్ప్రింగ్ బూట్ అనే ఫ్రేమ్‌వర్క్ ఇచ్చే పేరెంట్ పామ్ వాడేవాళ్ళకి ఆ పని అదే చాలావరకు చేసిపెడుతుంది, వాళ్ళకి ఇలాంటిది ఒకటుందనే తెలియకపోవచ్చు.

అన్నిటికన్నా చమత్కారమైనది ష్యూర్‌ఫైర్. టెస్టులు మొదలుపెట్టే ముందు ఇది ప్రాజెక్ట్‌ని ఒకసారి చూస్తుంది. జేయూనిట్ 4 ఉంటే దానికి తగ్గ అడాప్టర్, జూపిటర్ ఉంటే జేయూనిట్ ప్లాట్‌ఫామ్ అడాప్టర్ అప్పటికప్పుడు దించుకుంటుంది. పైగా మనం వాడే జేయూనిట్ వెర్షన్‌కి సరిపోయే లాంచర్ అనే మరో జార్‌ని కూడా తెప్పించుకుంటుంది. ఈ రెండూ పామ్ ఫైల్‌లో ఉండవు, ప్లగిన్ చిట్టాలోనూ కనపడవు. వంట సగంలో రుచి చూసి 'కాస్త బెల్లం పట్రండి' అన్నట్టు.

'గో-ఆఫ్‌లైన్' కమాండ్ ఎందుకు సరిపోదు

మావెన్ డిపెండెన్సీ ప్లగిన్‌లో 'గో-ఆఫ్‌లైన్' అనే గోల్ ఉంది. పేరు చూసి ఇదొక్కటి నడిపితే అన్నీ దిగిపోతాయనుకుంటారు. అది చేసే పని చిట్టాలు చదివి, అందులో ఉన్నవి దించడం. చిట్టాలో లేని ష్యూర్‌ఫైర్ అడాప్టర్ దానికి తెలిసే దారి లేదు. నెట్ తీసేశాక కంపైల్ బాగా జరిగి, సరిగ్గా టెస్టుల దగ్గర బిల్డ్ పడిపోవడానికి సాధారణంగా ఇదే కారణం.

చాలా మాడ్యూళ్ళున్న ప్రాజెక్టుల్లో ఇంకో ఇబ్బంది. 'వెబ్' మాడ్యూల్‌కి 'కోర్' మాడ్యూల్ కావాలి. కోర్ ఇంకా బిల్డ్ కాలేదు. గో-ఆఫ్‌లైన్ వెళ్ళి దాన్ని సెంట్రల్‌లో వెతికి, దొరకలేదని ఆగిపోతుంది. మన సొంత మాడ్యూల్ అక్కడెందుకు ఉంటుంది? ఈ లోపాలు చూసే క్యూఏవేర్ అనే జర్మన్ కంపెనీ 'గో-ఆఫ్‌లైన్ మావెన్ ప్లగిన్' అని వేరేగా రాసింది. అందులో 'డైనమిక్ డిపెండెన్సీ' అనే వరసలో ఆ దాగిన జార్‌ల పేర్లు మనమే రాయొచ్చు. అంటే చివరికి మళ్ళీ మనకే తెలిసి ఉండాలి.

అవి తెలుసుకోవడానికి అనుభవజ్ఞులు వాడే పద్ధతి మోటుగానే ఉంటుంది. ఖాళీ ఫోల్డర్ ఒకటి తీసుకుని దాన్నే లోకల్ రిపోగా చూపించి, నెట్ ఉండగా టెస్టులతో సహా పూర్తి బిల్డ్ నడుపుతారు. ఆ తర్వాత నెట్ పీకేసి, అదే ఫోల్డర్‌తో రెండోసారి నడుపుతారు. రెండోది గట్టెక్కితే ఆ ఫోల్డరే అసలైన చిట్టా. దీనికీ ఒక హద్దుంది: నడిపిన పనికి మాత్రమే అది చిట్టా. ఇక్కడ 'వెరిఫై' అనే దశ వరకు నడిపి, అక్కడ ఇంకో ప్రొఫైల్‌తో (వేరే సెట్టింగుల కట్టతో) రిలీజ్ చేయబోతే ఆ ప్రొఫైల్ ప్లగిన్లు లోపల ఉండవు.

ఇప్పుడు, ఆ కనపడీ కనపడని జార్

మొదట్లో చెప్పిన చిక్కుముడికి వద్దాం. మావెన్ 3 నుంచి, లోకల్ రిపోలో ప్రతి వెర్షన్ ఫోల్డర్‌లోనూ అండర్‌స్కోర్‌తో మొదలయ్యే 'రిమోట్ డాట్ రిపాజిటరీస్' అనే చిన్న ఫైల్ ఉంటుంది. తెరిచి చూస్తే ఫలానా జార్ ఫలానా పేరున్న రిపో నుంచి వచ్చింది అని ఒక్కో లైన్. రేషన్ కార్డు మీద డిపో ముద్ర లాంటిది.

మన కథలో లాప్‌టాప్ ఆఫీసులో ఉంది. దాని సెట్టింగ్స్ ఫైల్‌లో సెంట్రల్ బదులు ఆఫీసు సర్వర్‌ని వాడమని మిర్రర్ రాసి ఉంది, దాని ఐడీ 'ఆఫీస్ మిర్రర్' అనుకుందాం. కాబట్టి దిగిన ప్రతి జార్ మీదా ఆ ముద్రే. సర్వర్ మీద సెట్టింగ్స్ ఫైల్ లేదు. అక్కడి మావెన్‌కి తెలిసిన రిపో ఒక్కటే, దాని ఐడీ 'సెంట్రల్'. జార్ ఉంది గానీ దాని మీద సెంట్రల్ ముద్ర లేదు. 'అక్కడి నుంచి ఇంతకుముందెప్పుడూ దించుకోలేదు' అని మావెన్ అన్నది అక్షరాలా నిజం. మనం 'లేదు' అనే మాట మాత్రమే చదివాం, 'అక్కడి నుంచి' అన్నది వదిలేశాం.

ఈ ముద్ర అవసరమా అన్న దాని మీద రెండు వాదాలున్నాయి. మావెన్ రూపకర్తల ఆలోచన ఇది: ఒక ప్రాజెక్ట్ ఏదో ప్రైవేట్ రిపో నుంచి జార్ దించుకుంది. అదే మెషీన్ మీద రెండో ప్రాజెక్ట్ ఆ రిపో పేరు రాయకుండానే ఆ జార్‌ని వాడేసుకుంటే ఇక్కడ బిల్డ్ అవుతుంది, పక్కవాడి మెషీన్‌లో అవదు. 'నా దగ్గర పనిచేస్తోందే' అనే పాత గొడవ. దాన్ని ఆపడానికే ఈ ముద్ర. ఎయిర్ గ్యాప్‌లో పనిచేసేవాళ్ళ వాదన: మా దగ్గర ఒకటే గోదాము, అందులో ఉన్నదంతా మేం చూసి తెచ్చుకున్నదే, ముద్రతో మాకు పనేముంది? వీళ్ళు ఆ చిన్న ఫైళ్ళన్నీ తీసేస్తారు. ముద్ర అసలే లేకపోతే మావెన్ జార్‌ని అనుమానించదు, వాడేసుకుంటుంది. ఇంకొందరు రెండు చోట్లా ఒకే ఐడీ ఉన్న సెట్టింగ్స్ ఫైల్ పెట్టుకుంటారు. నాకైతే రెండోదే నచ్చుతుంది; కాపలావాణ్ణి పంపించేయడం కన్నా వాడికి సరైన కాగితం చూపించడం మేలు. రాత్రి పదింటికి సర్వర్ రూములో ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం ఫైళ్ళు తీసేసినవాడే నేనూ.

ఇదే ఫోల్డర్‌లో 'లాస్ట్ అప్‌డేటెడ్' అనే తోకతో ఫైళ్ళు కనపడితే అవి విఫలమైన డౌన్‌లోడ్ల గుర్తులు. ఒకసారి దొరకలేదంటే, కొంతకాలం దాకా మావెన్ మళ్ళీ అడగను కూడా అడగదు. నెట్ తిరిగి వచ్చాక కూడా బిల్డ్ అదే పాట పాడటానికి కారణం ఇదే.

గ్రేడిల్‌లో చిక్కు ఇంకాస్త ముందే మొదలవుతుంది

మావెన్ లాంటి మరో బిల్డ్ పనిముట్టు గ్రేడిల్. దానికీ ఆఫ్‌లైన్ ఫ్లాగ్ ఉంది. కానీ చాలా ప్రాజెక్టుల్లో గ్రేడిల్‌ని నేరుగా నడపరు, 'గ్రేడిల్ ర్యాపర్' అనే చిన్న స్క్రిప్ట్‌ని నడుపుతారు. దాని పని, ఆ ప్రాజెక్ట్‌కి తగిన గ్రేడిల్ వెర్షన్ మెషీన్‌లో ఉందో లేదో చూసి, లేకపోతే దించడం. ఆఫ్‌లైన్ ఫ్లాగ్ గ్రేడిల్‌కి సంబంధించింది, ర్యాపర్‌కి కాదు. గ్రేడిలే రాకముందు దాని ఫ్లాగ్‌ని ఎవరు చదువుతారు? అందుకే ఆఫ్‌లైన్ అని చెప్పినా ర్యాపర్ నెట్ కోసం వెళ్ళి, కాసేపు ఎదురుచూసి చతికిలపడుతుంది.

దించిన గ్రేడిల్‌ని ర్యాపర్ దాచే ఫోల్డర్ పేరులో డౌన్‌లోడ్ చిరునామా నుంచి లెక్కగట్టిన గజిబిజి అక్షరాలుంటాయి. చిరునామాని ఆఫీసు సర్వర్‌కి మారిస్తే ఆ పేరూ మారుతుంది. అదే వెర్షన్, అదే జిప్ పక్క ఫోల్డర్‌లో ఉన్నా దాన్ని చూడదు. మావెన్ ముద్రకి ఇది చుట్టమే.

లైబ్రరీల క్యాష్ విషయంలోనూ గ్రేడిల్ దారి వేరు. మావెన్ లోకల్ రిపో అమరిక దాదాపు సెంట్రల్ అమరికలాగే ఉంటుంది. గ్రేడిల్ క్యాష్‌లో ఒక్కో ఫైల్ దాని చెక్‌సమ్ (ఫైల్ లోపలి దాన్నుంచి లెక్కగట్టిన గుర్తు) పేరున్న ఫోల్డర్‌లో ఉంటుంది, వివరాలు వేరే బైనరీ ఫైళ్ళలో ఉంటాయి. ఆ ఫోల్డర్‌ని మావెన్ రిపోగా చూపిస్తే పనిచేయదు. కానీ గ్రేడిల్ 6 తరం నుంచి ఆ క్యాష్‌ని మరో మెషీన్‌కి కాపీ చేసి వాడుకోవడం, 6.2 నుంచి చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న క్యాష్‌గా పంచుకోవడం వీలవుతోంది. మావెన్‌లోని గో-ఆఫ్‌లైన్ లాంటిది గ్రేడిల్‌లో ముందే అమర్చి లేదు. అన్ని కాన్ఫిగరేషన్లనూ (డిపెండెన్సీల జాబితాలను) తెరిచి దించే చిన్న టాస్క్‌ని టీములు ఎవరికి వారే రాసుకుంటాయి.

'1.ప్లస్' లాగా వెర్షన్ తేల్చకుండా వదిలేసే అలవాటు గ్రేడిల్ ప్రాజెక్టుల్లో కనిపిస్తుంది. నెట్ ఉంటే అది కొత్తదాన్ని వెతుకుతుంది, లేకపోతే క్యాష్‌లో ఉన్నదాన్ని తీసుకుంటుంది. ఒకే కోడ్‌కి రెండు చోట్ల రెండు ఫలితాలు.

దొడ్డిదారిన నెట్‌కి వెళ్ళేవి

ఇప్పటిదాకా చెప్పినవన్నీ మావెన్, గ్రేడిల్ కనుసన్నల్లో జరిగేవి. వాళ్ళ చేతిలో లేనివి కొన్నున్నాయి.

ప్రోటోకాల్ బఫర్స్ (డేటాని కుదించి పంపే పద్ధతి) వాడే ప్రాజెక్ట్‌లో 'ప్రోటోసీ' అనే కంపైలర్ కావాలి. అది జావా కాదు, మామూలు ఎగ్జిక్యూటబుల్. సెంట్రల్ నుంచే దిగుతుంది కానీ విండోస్‌కి ఒకటి, లినక్స్‌కి ఒకటి, మ్యాక్‌కి ఒకటి. జావా ఎక్కడైనా నడుస్తుందన్న ధీమాతో విండోస్ లాప్‌టాప్‌లో నింపిన క్యాష్‌ని లినక్స్ సర్వర్‌కి పట్టుకెళ్తే, వందల జార్‌లు సరిపోయి ఈ ఒక్క ఫైల్ దగ్గర ఆగిపోతుంది. నేను ఓసారి ఒక క్లయింట్ దగ్గర సరిగ్గా ఇలాగే ఇరుక్కున్నాను. మళ్ళీ బయటికొచ్చి, ఆ ఒక్క ఫైల్ దించి, గేటు దగ్గర మళ్ళీ రిజిస్టర్ రాసి లోపలికి వెళ్ళేసరికి సాయంత్రమైంది.

వెబ్ స్క్రీన్లున్న ప్రాజెక్టుల్లో ఫ్రంటెండ్ మావెన్ ప్లగిన్ సాధారణం. అది నోడ్‌ని (జావాస్క్రిప్ట్ నడిపే ప్రోగ్రామ్) దించి, ఆ నోడ్ చేత ఎన్‌పీఎం ప్యాకేజీలను (జావాస్క్రిప్ట్ లైబ్రరీలు) దించుతుంది. మావెన్‌ని ఆఫ్‌లైన్ అని ఎంత కట్టడి చేసినా ఎన్‌పీఎం దాని మాట వినదు, అది వేరే రాజ్యం. డేటాబేస్ లాంటివి డాకర్‌లో లేపి టెస్టులు నడిపే టెస్ట్‌కంటెయినర్స్ వాడితే డాకర్ ఇమేజ్‌లు కావాలి. గ్రేడిల్ టూల్‌చైన్‌లో (ఏ జావాతో బిల్డ్ చేయాలో చెప్పే అమరిక) జావా 17 అని రాసి, మెషీన్‌లో 21 మాత్రమే ఉంటే, ఆటో డౌన్‌లోడ్ అమర్చి ఉన్న ప్రాజెక్ట్ జేడీకేనే (జావా కిట్‌నే) దించబోతుంది. ఇవి చూశాక 'జావా డిపెండెన్సీలు' అనే మాట ఎంత చిన్నదో తెలుస్తుంది.

లోపలికి మోసుకెళ్ళే దారులు, వాటి మీద వాదాలు

నింపిన లోకల్ రిపోని జిప్ చేసి తీసుకెళ్ళడం అన్నిటికన్నా చవక. ఒక ప్రాజెక్ట్, ఇద్దరు ముగ్గురు డెవలపర్లు ఉంటే ఇది చాలు. ప్రాజెక్టులు పదైతే ఎవరి జిప్‌లో ఏముందో తెలియక పాత 'లిబ్' ఫోల్డర్ కాలానికే తిరిగి వెళ్ళినట్టవుతుంది.

పెద్ద సంస్థలు నెక్సస్, ఆర్టిఫ్యాక్టరీ లాంటి రిపో మేనేజర్‌ని లోపలి నెట్‌వర్క్‌లో పెడతాయి. ప్రతి బిల్డూ దాని నుంచే తీసుకుంటుంది, కాబట్టి బిల్డ్ దృష్టిలో తాను ఆన్‌లైన్‌లో ఉన్నట్టే. ఆఫ్‌లైన్ ఫ్లాగ్, ముద్రల గొడవ రెండూ ఉండవు. దీన్ని సమర్థించేవాళ్ళు ఎవరు ఏ లైబ్రరీ ఏ రోజు తెచ్చారో లెక్క ఉంటుందంటారు. వద్దనేవాళ్ళు దాన్ని చూసుకోవడానికి ఓ మనిషి కావాలంటారు; డిస్కు నిండిపోతుంది, అప్‌గ్రేడ్ చేయాలి, అది పడిపోయిన రోజు ఆఫీసు మొత్తానికి సెలవే. పైగా ఎయిర్ గ్యాప్‌లో అది తనంతట తాను సెంట్రల్‌ని అందుకోలేదు. బయట ఒకటి నింపి, అందులోంచి తీసి, లోపలి దానిలోకి ఎక్కించే పని మిగిలే ఉంటుంది. ఈ చివరి మాటని రిపో మేనేజర్ వద్దనేవాళ్ళు గట్టిగానూ, కావాలనేవాళ్ళు నెమ్మదిగానూ చెప్తారు.

మూడో దారి, జార్‌లన్నిటినీ కోడ్‌తో పాటు, కోడ్ చరిత్ర దాచే గిట్‌లోనే పెట్టేయడం. గిట్‌కి బైనరీ ఫైళ్ళు పడవు. వెర్షన్ మార్చిన ప్రతిసారీ పాతదీ చరిత్రలో ఉండిపోయి గిట్ రిపో ఉబ్బిపోతుంది. అయినా దీన్ని వెనకేసుకొచ్చేవాళ్ళ దగ్గర బలమైన ఉదాహరణలే ఉన్నాయి. 2020 జనవరి 15న మావెన్ సెంట్రల్ మామూలు హెచ్‌టీటీపీని ఆపేసి హెచ్‌టీటీపీఎస్ మాత్రమే ఉంచింది. పాత చిరునామాతో ఉన్న బిల్డులు కోడ్ మారకుండానే ఆగిపోయాయి. 2021 ఫిబ్రవరిలో జేసెంటర్ అనే మరో పెద్ద గోదాముని మూసేస్తున్నట్టు దాని యజమాని జేఫ్రాగ్ ప్రకటించింది. ఆండ్రాయిడ్ ప్రాజెక్టులు ఎక్కువగా దాని మీదే ఆధారపడేవి, కొన్ని లైబ్రరీలైతే అక్కడ తప్ప ఎక్కడా లేవు. దాన్ని చదవడానికి అందుబాటులోనే ఉంచుతామని తర్వాత చెప్పారు గానీ, అందాకా ఎన్ని టీములు బిల్డ్ ఫైళ్ళు తిరగరాసుకున్నాయో. గిట్‌లో జార్‌లు పెట్టుకున్నవాళ్ళకి ఆ రెండు వార్తలూ వార్తలుగానే మిగిలాయి.

కావాలని నెట్ మూసేసేవాళ్ళు

డెబియన్ పాలసీలో స్పష్టంగా ఉంది: ప్రధాన విభాగంలోని ప్యాకేజీ బిల్డ్ అయ్యేటప్పుడు నెట్‌వర్క్‌ని తాకకూడదు. మరి జావా ప్యాకేజీలు ఎలా? డెబియన్‌లో ప్రతి లైబ్రరీ ఒక ప్యాకేజీ, సోర్స్ నుంచి అక్కడే బిల్డ్ అయినది. అవన్నీ మెషీన్‌లో 'మావెన్-రిపో' అనే ఫోల్డర్‌లో చేరతాయి, మావెన్ ఆఫ్‌లైన్‌లో నడుస్తూ అక్కడి నుంచే తీసుకుంటుంది. డెబియన్‌లో సాధారణంగా ఒక లైబ్రరీకి ఒకటే వెర్షన్ ఉంటుంది. పామ్ ఫైల్ 2.3 అడిగినా ఉన్నది 2.5 కావచ్చు. అందుకే వాళ్ళ పనిముట్లు పామ్‌లోని వెర్షన్ అంకెని తుడిచేసి దాని స్థానంలో 'డెబియన్' అనే పదమే రాస్తాయి. వెర్షన్ ఎంత అంటే 'డెబియన్' అన్నమాట.

జావా డెవలపర్లలో కొందరికి ఇది మింగుడుపడదు. మేం 2.3తో టెస్ట్ చేసిన సాఫ్ట్‌వేర్‌ని మీరు 2.5తో కట్టి మా పేరుతో ఇస్తే, తేడా వచ్చినప్పుడు తిట్లు మాకే కదా అంటారు. డెబియన్ వాళ్ళ జవాబు: లైబ్రరీలో లోపం బయటపడితే మేం ఒక్కచోట సరిచేస్తే దాన్ని వాడే ప్యాకేజీలన్నీ బాగుపడతాయి, మీ పద్ధతిలో ప్రతి ప్రాజెక్ట్ విడివిడిగా మారాలి. రెండు మాటల్లోనూ నిజముంది. వాళ్ళు చూసుకుంటున్న ప్రమాదాలు వేరు.

నిక్స్ అనే ప్యాకేజీ వ్యవస్థది మధ్యేమార్గం. బిల్డ్‌ని రెండు అంకాలుగా విడదీస్తుంది. మొదటి అంకంలో నెట్ ఉంటుంది, కానీ దిగినదంతా కలిపి ఏ హ్యాష్ (చెక్‌సమ్ లాంటిదే) రావాలో ముందే రాసి ఉండాలి. అది కలవకపోతే అక్కడితో ఆగిపోతుంది. రెండో అంకంలో నెట్ ఉండదు, దిగిన వాటితోనే అసలు బిల్డ్. గ్రేడిల్ 6.2లో వచ్చిన డిపెండెన్సీ వెరిఫికేషన్‌లోనూ ఇలాంటి ఆలోచనే ఉంది: ప్రతి జార్ చెక్‌సమ్ ఒక ఫైల్‌లో రాసి ఉంటుంది, తేడా వస్తే బిల్డ్ అవదు.

ఆఫ్‌లైన్ అంటే భద్రమేనా

నెట్ లేని బిల్డ్ భద్రం అనే నమ్మకం బలంగా ఉంది. దానికి ఆధారమూ ఉంది. 2021 ఫిబ్రవరిలో అలెక్స్ బిర్సాన్ అనే పరిశోధకుడు, కంపెనీలు లోపల వాడుకునే ప్యాకేజీల పేర్లతోనే బయటి గోదాముల్లో తన ప్యాకేజీలు పెట్టి, పెద్ద పెద్ద కంపెనీల బిల్డుల్లోకి చొరబడి చూపించాడు. ఆయన వాడినవి ఎన్‌పీఎం, పైథాన్, రూబీ గోదాములు. సెంట్రల్‌లో గ్రూప్ పేరు సొంత డొమైన్‌తో ముడిపడి ఉంటుంది, అది తనదేనని నిరూపించుకోవాలి కాబట్టి జావాలో ఆ ఎత్తు అంత తేలిగ్గా పారదు. బయటికి దారే లేని బిల్డ్ మీద అసలే పారదు.

కానీ మూసిన తలుపు రెండువైపులా మూసే ఉంటుంది. 2021 డిసెంబరులో జావా ప్రోగ్రాములు లాగ్ రాసుకోవడానికి వాడే లాగ్4జే లైబ్రరీలో లాగ్4షెల్ అనే భద్రతా లోపం బయటపడింది, నంబరు సీవీఈ-2021-44228. సరిచేసిన 2.15.0 వచ్చింది. అది పూర్తిగా చాలలేదని 2.16.0, మరో లోపానికి 2.17.0, ఇంకోదానికి 2.17.1, అన్నీ ఆ ఒక్క నెలలోనే. నెట్ ఉన్నవాళ్ళు పామ్ ఫైల్‌లో అంకె మార్చి బిల్డ్ కొట్టారు. ఎయిర్ గ్యాప్‌లో ఉన్న టీముకి ఒక్కో అంకె వెనకా ఒక ప్రయాణం ఉంటుంది: బయట దించాలి, స్కాన్ చేయించాలి, సంతకం పెట్టించుకోవాలి, లోపల ఎక్కించాలి, బిల్డ్ చేయాలి. తాము వాడే ఏ లైబ్రరీ లోపల లాగ్4జే దాక్కుని ఉందో తెలుసుకోవడానికి ముందు వెతుకులాట కూడా. అన్నిటినీ వెంటవెంటనే ఎక్కించిన చోట గేటు దగ్గరి రిజిస్టర్‌లో ఆ డిసెంబరు పేజీ మీద ఒకే జార్ పేరు నాలుగుసార్లు ఉంటుంది.